వేలిముద్ర

డ్యూస్‌బరీ కాలేజీ రెండో అంతస్తులో
మంగళవారాలు నేను టాబ్లెట్లు పంచుతాను.
ఒక్కోదాని వీపున తెల్ల చీటీ:
'ప్రభుత్వ నిధులతో కొన్నది. ఇంటికి తీసుకెళ్ళరాదు.'
బొటనవేలు పెడితే తెర గుర్తుపడుతుంది, తెరుచుకుంటుంది
అని పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాను
యాభై తొమ్మిదేళ్ళ బెర్నార్డ్ ఓల్డ్‌రాయిడ్‌కి.

పెట్టాడు.
మళ్ళీ పెట్టండి, అంది తెర.
ప్యాంటుకి తుడుచుకుని పెట్టాడు. చూపుడువేలు పెట్టాడు.
ఎడమచెయ్యి. మళ్ళీ పెట్టండి.
చివరికి నేనే ఆ చెయ్యి పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాను.
గీతల్లేవు.
సిమెంటూ సున్నమూ నలభై మూడేళ్ళ ఇటుకల గరుకూ
రోజుకింత చొప్పున తినేసి
ఏటి అడుగు రాయిలా నున్నగా వదిలేశాయి.

మా భాషలో, అన్నాను,
చదువు రానివాణ్ణి వేలిముద్రగాడంటారు, సంతకం చెయ్యలేడు కనక.
అతను దరఖాస్తు కింద తన పేరు చూపించాడు.
దారం లాగి పేర్చిన వరసలా ఒక్క వంకర లేదు.
'సంతకం ఉంది నాకు. నువ్వడిగేదే లేదు.'
వెనక బల్ల దగ్గర సాబిర్ పడీ పడీ నవ్వాడు.
ఇరవై తొమ్మిదేళ్ళుగా పైకప్పులు వేసిన మనిషి.
తన వేలూ పెట్టి చూసుకున్నాడు.
నవ్వు ఆపేశాడు.

దరఖాస్తులో ఏడో ప్రశ్న: ఇదివరకటి శిక్షణ?
బెర్నార్డ్ అక్కడో అడ్డగీత గీశాడు.
దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాల్సింది నేను.
ఆ గీతకి అక్కడున్న తర్జుమా ఒక్కటే, 'ఏమీ లేదు'.
నొక్కాను. జీతం తీసుకుంటున్నాను కదా.

మోకాళ్ళు రెండూ అతనికన్నా ముందే పరంజా దిగిపోయాయి.
ఇక ఇళ్ళు కట్టలేడు.
కట్టిన ఇళ్ళలోంచి వెచ్చదనం ఎక్కడ కారిపోతోందో
కొలిచే పని నేర్చుకుంటున్నాడు.
ఇరవై రెండు వారాలు. మనిషికి మూడువేల పౌండ్లు.
పాఠం చెప్పే కుర్రాడు మంచివాడే, గబగబా మాట్లాడతాడు.
తాపీ అంటే మాకు రెండర్థాలు,
మేస్త్రీ చేతిలోది ఒకటి, తొందర లేకపోవడం ఇంకొకటి.
ఈ గదిలో రెండోదానికి డబ్బు మంజూరు కాలేదు.

నవంబరులో కమిటీ కూర్చుంది. మినిట్స్ నేనే రాశాను.
ఒకాయన, మర్యాదస్థుడే, కళ్ళజోడు తీసి అడిగాడు:
అరవైకి దగ్గరపడ్డవాడి మీద ఖర్చుపెడితే
పనికొచ్చేది ఎన్నేళ్ళు?
ఏడో ఎనిమిదో, అన్నారెవరో. రాశాను.
అదే డబ్బు ఇరవై ఏళ్ళ పిల్లాడి మీదైతే? రాశాను.
ప్రశ్న తప్పని నేననను.
మా వాడికీ ఇరవయ్యే, వాడూ ఖాళీగానే ఉన్నాడు.
కానీ గది చల్లగా ఉంది, ఎవరూ కోటు విప్పలేదు,
కిటికీ చట్రానికీ గోడకీ మధ్య సన్నగా ఈల వేస్తోంది గాలి.
దాన్ని రాయమని ఎవరూ చెప్పలేదు.

పథకం మార్చి ముప్పై ఒకటితో ఆఖరు.
ఏప్రిల్ ఎదుట గడి ఖాళీ.

బెర్నార్డ్‌కి అంకెల తాళం పెట్టించాను.
ఎవరికీ చెప్పొద్దన్నాను.
వారం వారం, ఇటుక మీద ఇటుక పెట్టినట్టు,
పైకి చదువుతూ నొక్కేవాడు:
ఒకటి. తొమ్మిది. ఎనిమిది. రెండు.
తాపీ మొదటిసారి చేతికొచ్చిన ఏడాదట.
క్లాసంతటికీ కంఠతా వచ్చేసింది.

మోకాలి ఆపరేషనని రెండు వారాలుగా రావటం లేదు.
హాజరు ఎనభై శాతం తగ్గితే అతని డబ్బు ఆగిపోతుంది.
ఇవాళ టాబ్లెట్లు పంచాక చూస్తే ఒకటి ఎక్కువ వెళ్ళింది.
సాబిర్ ముందు రెండున్నాయి.
ఒకదాని మీద నాలుగంకెలు నొక్కుతున్నాడు,
ఈసారి పైకి చదవకుండా.

నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దుతూ అటే నిలబడ్డాను.
అది నిండుగానే ఉంది.