ఈస్టర్ లోపు ఏడు శవాలు

బెర్గెన్‌లో పదకొండు రోజులుగా వాన.
వంటింటి బల్ల మీద ఏడు కొత్త నవలలు,
ఏడింటిలోనూ మొదటి పేజీలోనే శవం.
మా దేశంలో ఈస్టరంటే ఇదే:
జనం నారింజలూ హత్యలూ మూటగట్టుకుని
మంచుకొండల్లోని కొయ్య ఇళ్లకు పోతారు.
పాల అట్టడబ్బా మీద కూడా ఓ బుల్లి హత్య అచ్చేస్తారు,
పిల్లలు రొట్టె నములుతూ హంతకుణ్ణి పట్టేస్తారు.

ఏ శవం సెలవులకు పనికొస్తుందో చెప్పడం నా కొలువు.
రెండొందల మాటలు, చివర ఒక పాచిక బొమ్మ.
ఒక చుక్క పడితే పుస్తకం మునిగినట్టు,
ఆరు పడితే రచయిత ఇంట్లో కేకు కోసినట్టు.
ముగింపు మాత్రం పొక్కనీయకూడదు.

మొదటిదాంట్లో డిటెక్టివ్ తాగుబోతు.
రెండోదాంట్లో తాగుడు మానేశాడు,
ఆ సంగతి పేజీకోసారి గుర్తుచేస్తాడు.
మూడోదాంట్లో చనిపోయిన పిల్ల అందం గురించి
ఒకటిన్నర పేజీ;
పేరు మాత్రం అరవయ్యో పేజీకి గానీ రాలేదు.
రెండు చుక్కలు వేశాను. చెయ్యి వణకలేదు.
నాలుగో ఆయన పాచిక పారలేదు,
పాస్టరుగారి బూట్లే అంతా చెప్పేశాయి.
ఐదు, ఆరు: ఒకే గొడ్డలి, రెండు అట్టలు.

ముప్ఫయ్యొక్క ఏళ్లు పోలీసు ఠాణాలో టైపు కొట్టినదాన్ని.
నిజంగా పోగొట్టుకున్నవాళ్లు ఏం మాట్లాడతారో నా వేళ్లకు తెలుసు:
"స్టవ్ మీద బంగాళాదుంపలు పెట్టానండీ,
ఆపి వచ్చానో లేదో."
అలాంటి మాట ఏ నవలలోనూ దొరకలేదు,

ఏడోది తెరిచేదాకా.
రాసినామె ఓద్‌హిల్, ఉత్తరాన ఎక్కడో
పడవల రేవులో టిక్కెట్లు చింపుతుందట. తొలి పుస్తకం.
హంతకుడెవరో నలభయ్యో పేజీకే తెలిసిపోయింది,
దాచడం చేతకాలేదు, పాపం.
కానీ చనిపోయినామె పిల్లికి ఇక తిండెవరు పెడతారు?
అది తేలేదాకా మూడింటి వరకూ కూర్చున్నాను,
కాఫీ పోసింది పోసినట్టే చల్లారిపోయింది.
సగం అల్లిన మేజోడు ఒకటి ఉంది అందులో.
ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని సాక్ష్యాల సంచిలో వెయ్యబోయి,
ఒక ముడి జారిందని ఆగి,
సూదికి ఎక్కించి, అప్పుడు వేస్తుంది.

ఐదు చుక్కలు పంపాను.
ఎడిటర్ తూర్‌గేయిర్ ఫోన్ చేశాడు:
"ఇంత పొగిడి ఐదేనా? ఆరుకేమొచ్చింది?"

ఏం చెప్పను?
కిందటి శతాబ్దపు నవంబరులో నేను కొట్టిన ఒక ఫైలు.
గూద్‌లాగ్, పంతొమ్మిదేళ్లు, ఆకుపచ్చ కోటు.
ఆఖరి బస్సు ఎక్కిందన్నారు, దిగడం చూసినవాళ్లు లేరు.
వాళ్లమ్మ ప్రతి ఈస్టర్‌కీ ఠాణాకు నారింజలు పంపేది.
ఎవరమూ తినలేదు. ఎవరమూ పారెయ్యలేదు.
ఆరో చుక్క నేనింకా ఎవరికీ ఇవ్వలేదు.

వాన తగ్గలేదు.
కింది వాటాలో పిల్లాడు పాలడబ్బా తిప్పి చూసి
"తోటమాలే! తోటమాలే!" అని అరుస్తున్నాడు.
ముగింపు చెప్పకురా, అని కేకెయ్యబోయి
ఊరుకున్నాను. చెప్పనీ.
ఎక్కడో ఒకచోట
ఎవరో ఒకరికి తెలియాలిగా.