రంగు చెదరని బోరింగు

కళ్యాణదుర్గం స్టోరులో లెక్కపెట్టి ఇచ్చినారు:
ఇరవై లీటర్ల ఎనామిల్, ఆకాశం రంగు,
మూడు లీటర్ల రెడ్డాక్సైడు,
టర్పెంటాయిలు, చిన్నా పెద్దా బ్రష్షులు,
రేకు కోసి చేసిన అంకెలు.
నలభై ఒక్క బోరింగులు, పదకొండు దినాలు.
వాటిలో నీళ్ళొచ్చేవి ఎన్నో
కాగితంలో రాయలేదు, నేనూ అడగలేదు.

ఎర్రిస్వామి మోపెడ్డు నడుపుతాడు,
నా ఒళ్ళో డబ్బాలు.
గతుకు తగిలినప్పుడల్లా లోపల రంగు
దున్నపోతు నీళ్ళు తాగినట్టు గుడగుడమంటుంది.

ముందు గీకాల.
తుప్పు గీకకుండా పూసిన రంగు
కోపం తీరకుండా కలిసిన అన్నదమ్ముల మాదిరి,
ఒక్క వాన చాలు, పొక్కు లేస్తుంది.
మా పక్క ఆ ఒక్క వానకే కరువు గాబట్టి
గీకనోళ్ళ పని కూడా నాలుగేండ్లు నిలుస్తుంది.

ఎమిరీ కాగితం, పాత చీర గుడ్డ,
రెడ్డాక్సైడు ఒక చెయ్యి. ఆరనియ్యాల.
అప్పుడు ఎనామిల్,
పల్చగా, పైనుంచి కిందికి.
చిక్కగా పూస్తే కారుతుంది.
కారిన బొట్టు రాలకుండా అట్లే గట్టిపడుతుంది.
కొన్ని ఊర్లలో బోరింగు మూతికి
వేలాడే బొట్టు అదొక్కటే.

మూడో దినానికి నాకొకటి తెలిసింది:
ఎవర్నీ అడగాల్సిన పన్లేదు,
పిడి చూస్తే చాలు.
నీళ్ళుండే బోరింగుకు పిడి మీద రంగుండదు.
కోడి కూసినప్పట్నుంచీ చేతులు,
గాజుల చేతులు, బీడీల చేతులు,
వేలాడి ఊగే పిల్లోళ్ళ చేతులు
పోయినేటి రంగునంతా నాకేసి
ఇనుమును వెండి చేసి పెట్టుంటాయి.
ఏ డబ్బాలోనూ ఆ మెరుపు దొరకదు.
నీళ్ళు లేనిదేమో
కొత్త బీరువా మాదిరి నున్నగా నిలబడుంటుంది,
దాంట్లో చూసి తల దువ్వుకోవచ్చు.
ఇంజనీరు ఫోటో తీసుకునింది దాన్నే.

ముప్పై మూడో నెంబరు. గుట్ట కింద పది ఇండ్లు.
పిడి బిగుసుకోని ఉంటే
నూనె చుక్కేసి నాలుగుసార్లు కొట్టినాను,
కింది వైపు బ్రష్షు అందాలని, అంతే.
కిర్రు కిర్రుమనింది.
మారెక్క బిందెతో వచ్చింది.
ఆమె వెనక ఇద్దరు పిల్లోళ్ళు,
వాళ్ళ వెనక చెంబు పట్టుకోని ఒక ముసలాయన.

"రంగుకొచ్చినామమ్మా" అన్నాను.
ఆమె బిందె దించలేదు.
"యాడిదాకా పూస్తావు?"
"నేలపైన ఉండేదంతా."
"కింద ఇన్నూరడుగులుండాది గదప్పా,
దానికెవురు పూస్తారు?"

నేను బ్రష్షు డబ్బాలో ముంచినాను.

మధ్యాన్నం, రంగింకా పచ్చిగా ఉండంగానే,
అటు పోతా పోతా
అలవాటు కొద్దీ పిడి పట్టుకునింది.
అరచెయ్యంతా ఆకాశం.
టర్పెంటాయిలు గుడ్డ ఇయ్యబోతే
"పోతుందిలేప్పా, నీళ్ళే పోయినాయి" అని
గోడకు రుద్దుకోని ఎళ్ళిపోయింది.

"ఇంకో చెయ్యి ఎయ్యన్నా, బిల్లు ఆపుతారు"
అన్నాడు ఎర్రిస్వామి.
ఏసినాను.
కానీ ఎనామిల్‌కు ఒక గుణముంది,
పాత రంగును దాస్తుంది, గుంతను దాయదు.
ఎంత మెరిస్తే అంత బయటపెడుతుంది.
పొద్దు వాలినాక పక్కనుంచి చూస్తే
నీలం కింద నాలుగు వేళ్ళు,
బొటనవేలు కాడ ఒక మడత.
అప్పటికే ఎర్రదుమ్ము లేచి
ఒక చిన్న రెక్కల పురుగు కూడా అంటుకోనుంది.

తెల్లరంగుతో రెండు మూళ్ళు దిద్ది
డబ్బా మూత రాయితో కొట్టి బిగించినాను.
అయిదేండ్లు గ్యారంటీ అని దానిమీద ఉంది.
ఈ పిడికి పదేండ్లైనా ఢోకా లేదు.

ముప్పై నాలుగు దోవలో
దూరంగా, చింతచెట్టు దాటినాక,
ఏదో తళుక్కుమనింది.
నీలమా, ఇనుమా,
అంత దూరం నుంచి తెలీదు.
ఎర్రిస్వామి భుజం తట్టి
కొంచెం తొందరగా పోనీరా అన్నాను.