లోపలి ఇనుము

ఒంటి మీద ఇనుపముక్క ఏదైనా ఉందా అమ్మా,
గుంటూరు కొత్తపేట స్కానింగు సెంటరులో
రోజుకు ఇరవైమందిని అడుగుతాను.
పిన్నీసులు, బీరువా తాళాలు, మొలతాడు తాయెత్తు
ప్లాస్టిక్ గిన్నెలో టకటకా రాలతాయి.
సువార్త మాత్రం నవ్వింది:
"మీద లేదన్నా. లోపలుంది."

పదమూడేళ్ళు. తలసీమియా.
మూడు వారాలకో సంచి నెత్తురు.
మొహం తెలియని దాత ఒక్కొక్కరూ
ప్రాణంతో పాటు పావు గ్రాము ఇనుమూ ఇచ్చి వెళ్ళారు.
దానికి లోపలికే వాకిలి. బయటికి, పొద్దున్నే
గ్లాసులో కరిగించుకు తాగే మాత్ర తెరిచినంత సందు.

కొత్త యంత్రం మూడు టెస్లాలు.
వరండాలో కొట్టిన కొబ్బరికాయ మరక ఇంకా పోలేదు.
ఊపిరి బిగబట్టు, అన్నాను.
పక్కటెముకల కింద, కాలేయం ఉండాల్సిన చోట
కరెంటు పోయిన వీధి.

నీటిలోని కేంద్రకాల్ని ఒక్క తోపుతో వాల్చి
అవి తేరుకునేలోపు చేసే సన్నని సడి వినడం
నా ఉద్యోగం.
పక్కన ఇనుముంటే అడుగు కలవదు,
ఎవరి లెక్క వాళ్ళదే, సడి చెదిరిపోతుంది.
సూదిలో ఎక్కించే గెడోలినియం
పెద్ద అయస్కాంతం ముందు కాస్త తగ్గి మాట్లాడుతుంది.
పేరుకున్న ఇనుము అలా కాదు,
క్షేత్రం రెట్టింపైతే దాని అల్లరీ రెట్టింపు.
రెప్పపాటులో నూరోవంతు:
మొదటి ప్రతిధ్వనికి నేను చెవి ఒగ్గేలోపే
లోపల అంతా సద్దుమణిగింది.

"ఇంత పెద్ద మిషనుకి కనపడకపోవడమేంటి సార్?"
వాళ్ళమ్మ ఎస్తేరు. మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది,
ఆమె కొంగు విదిలిస్తే నాకు తుమ్మొచ్చింది.
బంగారం కొట్టు త్రాసు మీద
మిర్చి టిక్కీ పెడితే ఏమవుద్దమ్మా?
ఆమె ఆలోచించలేదు.
"మరి మీ కాటా ఎక్కడుంది?"

వెనక గదిలో. ఒకటిన్నర టెస్లా.
ఏసీ కారుతుంటే తలుపు బయట బకెట్టు పెట్టాం.
వచ్చే నెల అమ్మేస్తారట.
మళ్ళీ ఊపిరి బిగబట్టింది పిల్ల.
ఒకటి, రెండు, మూడు... బొమ్మ బొమ్మకీ నల్లబడుతూ
కాలేయం చీకట్లోకి మెట్లు దిగింది.
మెట్లుంటే చాలు, లెక్కపెట్టొచ్చు.

పోయినేడు ఒకటి పాయింట్ నాలుగు. ఇప్పుడు ఒకటి పాయింట్ తొమ్మిది.
"పెరిగిందా!" ఎస్తేరు గొంతు ఆరిపోయింది.
అంకె పెరిగితే ఇనుము తగ్గినట్టమ్మా, అన్నాను.
నమ్మలేదు. యార్డులో అలాంటి కాటా లేదు.
కూతురు గిన్నెలోంచి తన పిన్నీసు ఏరుకుంటూ
"తగ్గిందంటే తగ్గిందే, పద" అంది.