ముప్పేట

బరంపురంలో రాత్రి తొమ్మిదింటికి ఆఖరి కేసు.
కూర్మమ్మ, డెబ్భై ఒకటి, నడుము.
చీటీ ఒడియాలో ఉంది. నొప్పి మాత్రం తెలుగులోనే చెప్పింది:
"పట్టు కండెలు సుట్టీసి సుట్టీసి ఇరిగిపోనాది బాబూ."

గాజులు తీసింది, మెట్టెలు తీసింది,
ముక్కుపుడక రాలేదు.
పెళ్ళినాటిది. సబ్బు రాశాం. కోడలు కొబ్బరినూనె తెచ్చింది.
చివరికి ఊడొచ్చి నా అరచేతిలో పడింది,
వేరుశనగ పొట్టంత బరువు.
బంగారానికి భయం లేదు గానీ
మరలో ఏం కలిపాడో కంసాలికే తెలుసు.

"ఈ గొట్టం లోపలేటి సేస్తాది?"

నీ ఒంట్లో నీళ్ళున్నాయమ్మా,
నీళ్ళలో హైడ్రోజన్, దాని నడిమధ్య ప్రోటాను.
ఒక్కోటీ ఒక సూదిముల్లు.
ఈ గొట్టం వాటిని పేరుపెట్టి పిలుస్తుంది.

"సూదికి అయస్కాంతం ఎవులెట్టినారు?"

సరిగ్గా ఇదే అడిగి
పాణిగ్రాహి మాష్టారి క్లాసులో నిలబడ్డాను ఒకప్పుడు.
తిరుగుతుంది, అన్నారాయన.
ఆవేశమున్నది తిరిగితే అయస్కాంతమవుతుంది.
బొంగరంలా అనుకోకు.
అనుకోకుండా ఉండలేవు, అదీ నాకు తెలుసు.
ఒంటి పూస అనుకుని లెక్క కట్టారు బోర్డు మీద: ఒకటి రావాలి.
కొలిస్తే వచ్చింది, రెండు పాయింటు ఏడు తొమ్మిది.
"కాస్త తేడా వస్తే నా చెయ్యి వణికిందనుకుంటాను.
మూడింతలకి దగ్గరగా వచ్చిందంటే
లోపల ఎవరో ఉన్నారు."

ముగ్గురున్నారు.
ఇద్దరు, చాలామటుకు, ఒకవైపు.
మూడోవాడు ఎదురు తిరుగుతాడు.
కానీ వాడి ఆవేశం రుణం.
ఎదురు తిరిగిన రుణం
తన అయస్కాంతాన్ని తెచ్చి వీళ్ళ వైపే పెడుతుంది.

అయస్కాంతం లెక్క అలా తేలింది.
తిరుగుడు లెక్క తేలలేదు.
ముగ్గురివీ కూడితే మూడోవంతు కూడా నిండలేదట.
మిగతాది వాళ్ళని పట్టి ఉంచే బంకలోనో,
వాళ్ళు లోపల తచ్చాడటంలోనో ఉండాలి.
మాష్టారు చొక్కాకి సుద్ద దులుపుకుంటూ
గంట కొట్టినా కూర్చునే ఉన్నారు.

ఇదంతా కూర్మమ్మకి ఎలా చెప్పాను?
రెండు పోగులు కుడి పురి, ఒకటి ఎడమ పురి, అన్నాను.
"ముప్పేటా?" అంది.
"ఎడం పురి నేకపోతే దారం నిలబడతాదేటి!"
చాలా చిన్న సంగతన్నట్టు పడుకుంది.

హలంతు నాహిఁ, అన్నాను అలవాటుగా.
తర్వాత, కదలకమ్మా.
రెండు భాషల్లోనూ కదలలేదు.
గోడ అవతల రేకు మీద సుత్తి దెబ్బలు.
ఆమెలోని సూదిముళ్ళు తలలూపుతున్నాయి
సెకనుకి ఆరుకోట్ల ముప్పై తొమ్మిది లక్షల సార్లు.
పిలిస్తే అన్నీ వస్తాయనుకునేరు,
పైకి చూసేవీ కిందకి చూసేవీ దాదాపు సమానం.
పది లక్షలకి ఓ అయిదు ఎక్కువ.
ఆ అయిదే మాట్లాడతాయి, బొమ్మ వాటిదే.

నీళ్ళున్న చోట తెలుపు.
నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య
యాభై ఏళ్ళ రాట్నం ఆరబెట్టిన నలుపు.
నేను డాక్టర్ని కాను, ఏమీ అనకూడదు.

బయటికొచ్చి కూర్చుంది.
"ఆ సూదులు మళ్ళీ ఎప్పట్లాగే ఎటుబడితే అటు సూస్తాయా?"
చూస్తాయి. చూసేస్తున్నాయి ఈపాటికే.

పుడక మళ్ళీ ఎక్కలేదు, ముక్కు వాచింది.
కోడలు కాగితంలో చుట్టబోతే వద్దంది.
చీర అంచులోంచి మూడు పోగులు లాగి
తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు.
పుడక కట్టి మెళ్ళో వేసుకుంది.
ఎడమ పురి ఎప్పుడు వేసిందో చూద్దామనే ఉన్నాను,
గేటు దగ్గర ఆటోవాడు హారన్ కొట్టాడు,
అటు తిరిగాను.