నలభై మూడు మెట్లు

ఫాల్ రివర్‌లో, కొలంబియా వీధి దిగువన,
మా మూడంతస్తుల చెక్క ఇంటికి
వెనక మెట్లు నలభై మూడు.
నిన్నటిదాకా లెక్కపెట్టలేదు.
బీమా ఆఫీసులో క్విగ్లీ అడిగాడని
ఇవాళ మోకాళ్ళు పట్టుకుని ఎక్కాను.

కుక్క ఉందా? లేదు.
ఈతకొలను? నవ్వాను.
మంచు ఎవరు తీస్తారు?
నేనే. అరవై ఎనిమిదేళ్ళ నేనే,
తెల్లారకముందే, పారతో, గుప్పెడు ఉప్పుతో.

"ఎవరో ఒకరు పడ్డారనుకోండి"
పెన్ను మూత పెడుతూ తీస్తూ అన్నాడు క్విగ్లీ,
"మూడు లక్షల డాలర్లు చాలా, పది లక్షలా?"
సంచి చిన్నదా పెద్దదా అన్నట్టు.
తేడా నెలకి పంతొమ్మిది డాలర్లట.

కాలు జారితే తీసుకోవచ్చంటారు.
ఆ మాటన్నవాళ్ళు
ఎవరికీ ఇల్లు అద్దెకిచ్చి ఉండరు.

ఇల్లు కాలితే వచ్చే డబ్బు వేరే గడిలో ఉంది.
అది నాకర్థమవుతుంది: చెక్క, మేకులు, కప్పు, కూలి.
ఈ గడిలో ఉన్నది ఇల్లు కాదు.
మూడో అంతస్తు డావీ, ఆరేళ్ళ పిల్ల,
కమ్మీ మీద గడ్డం ఆనించి
చెత్తబండి మలుపు తిరిగేదాకా చూస్తుంది.
ఆ గడ్డం ఎత్తు నాకు తెలుసు.
ధర తెలీదు.

మా మరిది ఆర్మాండో అంటాడు:
"మూడు చాలు వదినా, ఇన్నేళ్ళలో ఎవరు పడ్డారని?"
పడేదాకా ఎవరూ పడరు, ఆర్మాండో.

నాకు తెలిసిన ధర ఒక్కటే.
డెబ్భై తొమ్మిదిలో, కుట్టుమిల్లులో,
సూది నా చూపుడువేల్లో దిగి అవతలికొచ్చింది.
ఫోర్‌మన్ గుడ్డపీలిక చుట్టి,
కవర్లో నలభై డాలర్లు పెట్టి
"ఇంతటితో సరి, ఓలిండా" అన్నాడు.
ఎడమచేత్తో సంతకం చేశాను.
చలి మొదలైతే చాలు, ఆ వేలు ఇప్పటికీ
సరి కాలేదంటుంది.

ముప్ఫై ఒకటో మెట్టు దగ్గర
కమ్మీ కదిలింది, ఊడబోయే పన్నులా.

సాయంత్రం ఫోన్ చేసి, పది, అన్నాను.
"మంచిపని, మీ ఆస్తికి రక్షణ" అన్నాడు క్విగ్లీ.
ఆయనకేం చెప్పను.
డ్రాయర్లో నాలుగంగుళాల మరలు దొరికాయి,
మా ఆయన డ్రిల్లూ దొరికింది, ఛార్జింగే లేదు.
బట్టలారేసే తాడు విప్పి
తెల్లారేదాకా ఆగమని కమ్మీని కట్టేస్తున్నాను.

పైనుంచి డావీ: "ఏం చేస్తున్నావ్?"
ఏం లేదమ్మా,
కాస్త వెనక్కి జరుగు.