రెండో పళ్లెం

కాశీనగర్ మండీలో మా నాన్న కాటాదారు.
బస్తా ఎత్తకముందే కంటితో బరువు చెబుతాడు,
తప్పితే అరకిలో.
నేను బరంపురంలో ఎమ్మెస్సీ,
చుక్కల బరువు మీద ప్రాజెక్టు.
"అంత దూరంలో కాటా ఎవుడేసినాడే?" అన్నాడు
గుణుపూర్ పాసింజరు దిగొచ్చిన రాత్రి,
అన్నంలో చారు కలుపుకుంటూ.

ఒంటిగా వెలిగేదాన్ని తూచలేం నాన్నా,
జంట కావాలి.
ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే తీరు చూసి
రెండిటి బరువూ రాబడతాం.
ఆయన చెయ్యి కంచంలో ఆగింది.
"మరే. రెండో పళ్లెం లేకపోతే కాటా ఎలగవుద్ది?"

నా చుక్క అల్గాల్.
మూడు రోజులకి మూడు గంటలు తక్కువగా
ఒకసారి కళ తప్పుతుంది.
చావడం కాదు,
మసకపాటి జోడీ వచ్చి ముందు నిలబడుతుంది.
పక్క చుక్కలతో పోల్చి పావుగంటకో అంకె.
పనిముట్లు నా కళ్లే.

మొదటి రాత్రి మంచు. తర్వాత మబ్బు.
చివరి రాత్రి, స్టేషను దగ్గర కొత్త హైమాస్టు లైటు
మా మేడ మీద పాలు ఒలకబోసినట్టు.
పాణిగ్రాహి సార్ ఫోనులో అన్నారు:
"అట్టడుగు అంకె లేని గ్రాఫ్ ఎవరికి చూపిస్తావు?"

పదకొండుకి వంశధార అవతల కేక:
"హాతీ అసిలా! హాతీ!"
ఇవతల నుంచి:
"ఏనుగులొచ్చీసినాయి, లైను తీయించండ్రా!"
పండిన వరి మీదికి ఏడు, వెనక ఒక గున్న.
తీగలు తగిలి చావకుండా
సబ్‌స్టేషను వాడు ఊరంతా కరెంటు తీసేశాడు.

చేలల్లో డబ్బాలు మోగుతున్నాయి.
నాన్న టార్చికి నా ఎర్ర రిబ్బను చుట్టి
నోటుబుక్కు మీద పట్టుకున్నాడు.
"దిగతంది" అన్నాడు,
నాకంటే ముందే.

ఒంటిగంటకి అడుగున ఆగింది.
ఆ ఖాళీలో చెప్పాను:
ఆ మసకదే ఒకప్పుడు పెద్దది,
ఒంట్లోది జారి జారి
ఇప్పుడు పక్కది బరువు, ఇది తేలిక.
"కట్నీ" అన్నాడు నాన్న.
క్వింటాలుకి ఐదు కిలోలు కోసే మాట,
ఇంట్లో ఎప్పుడూ అనని మాట.

ఇంకోరకం జంటలున్నాయి నాన్నా.
ఆరిపోయిన చిన్న చుక్క ఒకటి
పక్కదాన్ని తాగుతూ తాగుతూ
సూర్యుడికి ఒకటిన్నర రెట్లు కాకముందే
పేలిపోతుంది.
తూచడానికి ఏమీ మిగలదు.
ఎక్కడ పేలినా దాదాపు ఒకటే వెలుగు,
దూరాలకి అదే మా పడికట్టు రాయి.

చాలాసేపు డబ్బాల మోతే.
"పోయినేడు సవర సింగ్రో
కాటా తన్నీసి, బస్తా కోసీసి
ధాన్యమంతా రోడ్డు మీద పోసీసినాడు.
నానేటీ అన్లేదు."
ఏమనగలడో నేనూ అడగలేదు.
"రాయమ్మా, ఎక్కతంది."

నా కళ్లు మూతలు పడ్డాక
తెల్లారేదాకా ఆయనే రాశాడు.

బరంపురంలో సార్ వేలు పెట్టి అడిగారు,
ఈ అంకెలేమిటి, ఇదేం యూనిట్ అని:
మూడు కిలోల వంద.
రెండు కిలోల ఎనిమిదొందలు.
గ్రాఫ్ మీద ఎక్కడికక్కడ సరిపోయాయి.
దిద్దలేదు.