ఉప్పు మరిచిన గడ్డ

లక్నవరంల గడ్డలెన్నని అడుగుతరు
వేలాడే వంతెన మీద ఫోటోలు దిగేటోళ్లు.
నాకు లెక్క రాదు. పేర్లొస్తయి.

మేం ఎడమొకం పెడమొకమైంది
ఉప్పు మరిచిన గడ్డ కాడ.
కాల్చిన చేప నాలిక మీద పెట్టుకోని
నా దిక్కు జూసిండు ఓదెలు, అంతే.
ఆ రాత్రి పడవల ఆ కొసకు ఆయన, ఈ కొసకు నేను,
నడుమ నీళ్ల బిందె.

తెరచాపకు పాత ఫ్లెక్సీ కట్టినం, ఓట్లప్పటిది.
గాలి నిండితే
దండం పెట్టుకుంట ముందుకొస్తడు ఎవరో సారు.
గెలిచిండో ఓడిండో గని
మమ్ములనైతే నడిపిస్తుండు.

ఇల్లు ఒడ్డున ఉన్నది.
ఎప్పుడన్న పోయి తలుపు తీస్తే
గోడలు ఊగయి,
నాకు నిద్ర పట్టది.

నిన్న పొద్దుగూకంగ గాలి ఆగింది,
ఇంకా పేరు పెట్టని గడ్డ పక్కన.
సారు మొకం ముడుతలు పడ్డది.
ఓదెలు తెడ్డు ముట్టలే. నేను అడగలే.
సల్లల గట్క పిసికి, పచ్చిమిరపకాయ తుంచి పెట్టిన.

"ఉప్పున్నదా?"
ముప్పై ఏండ్లాయె, ఇంకా అడుగుతడు.

కొంగు ముడి ఇప్పిన.
ఇంటి తాళంచెవిని మెల్లగ తినుకుంట
చిటికెడు ఉప్పు.